ఆరిళ్ళ వంతులు

మేము ఆరు కుటుంబాలవాళ్ళం కలిసి కురుచికుప్పం అనే సముద్రపు ఒడ్డు పేటలో ఇళ్ళు కట్టుకున్నది సునామీ వచ్చి వెళ్ళిన రెండేళ్ళకు. సముద్రం దగ్గర స్థలం కొనడానికి జనం జంకుతున్న రోజులవి. అందుకే అలల చప్పుడు వినిపించేంత దగ్గర్లో ఆ స్థలం మా చేతికి వచ్చింది. విడివిడిగా అయితే మాలో ఎవరికీ అందేది కాదు. నడుమ ఒక ముంగిలి, దాని చుట్టూ ఆరు చిన్న ఇళ్ళు, ఒక మూల అందరికీ కలిపి పెద్ద వంటగది, పక్కనే స్నానాల గదులు, ఒక బోరు, మిద్దె మీద నాలుగు రోజులకు సరిపోయే పెద్ద నీళ్ళ ట్యాంకు. ఆదివారం మధ్యాహ్నం మాత్రం అందరం ఆ వంటగదిలో వండుకుని, ముంగిట్లో కూర్చుని తినాలనేది మొదటి రోజునుంచీ ఒప్పందం.

ఆరింట్లో నాలుగు కుటుంబాలు మావాళ్ళవే, అంటే తరతరాలుగా ఈ ఊళ్ళో, చుట్టుపక్కల పల్లెల్లో స్థిరపడిపోయిన తెలుగువాళ్ళవి. రెండు తమిళ కుటుంబాలు. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే తమిళం మాట్లాడే మాకు అది పెద్ద తేడాగా ఎప్పుడూ తోచలేదు. ఏడాది తిరిగేసరికి వాళ్ళూ మా తెలుగులోకి వచ్చేశారు.

మొదటి ఇంట్లో మామ, అత్త ఉండేవాళ్ళు. రక్తసంబంధం కాదు. మామ మా నాన్నకు స్నేహితుడు. నాకు సైకిలు తొక్కడం నేర్పింది ఆయనే. ఊరి బయట పొలం చేసి, ఓపిక తగ్గాక కొంత అమ్మి ఇక్కడికి వచ్చారు. స్థలం వెతికిందీ, అందరినీ ఒకచోట కూర్చోబెట్టి ఒప్పించిందీ ఆయనే కాబట్టి ఆయన మాట అంటే మాట. నాలుగో ఇంట్లో ఉండే తమిళావిడ ఆసుపత్రిలో నర్సు, నాకంటే ఐదారేళ్ళు పెద్దది. ఆమెను అక్కా అనేదాన్ని. మాది మూడో ఇల్లు. మా ఆయన కరెంటు ఆఫీసులో గుమాస్తా. నేను ఊళ్ళో ఫ్రెంచివాళ్ళు కట్టిన వైట్ టౌన్‌లో ఒక గెస్ట్‌హౌస్‌లో హౌస్‌కీపింగ్ చూసేదాన్ని. పదకొండు గదులు, నా కింద ఐదుగురు ఆడవాళ్ళు. ఎవరు ఏ గది చేయాలి, ఎవరికి ఏ రోజు సెలవు, అన్నీ నేనే కాగితం మీద వేసేదాన్ని. ఆ పనిలో నాకు మంచి పేరు.

అలాంటిదాన్ని, నా ఇంటి ముంగిట్లో ఏం జరుగుతోందో ఏడాది పాటు చూడలేదు.

చేరిన కొత్తలో పనుల మాట వచ్చినప్పుడు మామ ఒక్క మాటతో తేల్చేశారు. "ఎవురికి ఏది కుదిరితే అది చేసుకుందాం. మనమేమన్నా పరాయోళ్ళమా?" అన్నారు. అందరికీ ఆ మాట నచ్చింది. నిజంగానే ముంగిలి ఎప్పుడూ శుభ్రంగా ఉండేది. గేటు ముందు ముగ్గు ఉండేది. వంటగది గట్టు మెరిసేది. చుట్టాలు వస్తే, ఆరిళ్ళవాళ్ళం ఒక్క గొడవ లేకుండా ఎలా ఉంటున్నామో చూడండని నేనే చెప్పుకునేదాన్ని.

రెండో ఏడాది అత్త కూతురి కాన్పుకని విల్లుపురం వెళ్ళింది. నలభై రోజులు రానని చెప్పింది.

మూడో రోజుకు వంటగదిలోని తాగేనీళ్ళ బాన అడుగంటింది. నాలుగో రోజు స్నానాల గదుల ముందు నీళ్ళు నిలబడ్డాయి. జాలీలో వెంట్రుకలు, సబ్బు పేరుకుపోయి నీళ్ళు కదలడం లేదు. వంటగదిలో మసిగుడ్డలు వాసన కొట్టాయి. ఐదో రోజు ఉదయం అక్క షిఫ్టు నుంచి వచ్చి తలకు షాంపూ పెట్టుకునేసరికి కొళాయిలో నీళ్ళు ఆగిపోయాయి. ఆమె లోపలినుంచి వేసిన కేక వీధి చివరి టీ కొట్టుకు వినిపించి ఉంటుంది. మేమంతా బిందెలతో, చెంబులతో పరుగెత్తాం.

మామ ముంగిట్లోకి వచ్చి నిలబడ్డారు. "ఏంది ఇది? మోటారు వేసేది ఎవురు?"

ఎవరికీ తెలియదు. రోజూ పొద్దున ఆరు గంటలకు మోటారు ఎవరో వేస్తున్నారు, ట్యాంకు నిండగానే ఎవరో ఆపుతున్నారు. అది ఎవరని మాలో ఒక్కరమూ ఎన్నడూ ఆలోచించలేదు.

"అత్త అయ్యుండాల" అంది అక్క, తలకు తువ్వాలు చుట్టుకుని తలుపు తీస్తూ.

ఆ మధ్యాహ్నం గెస్ట్‌హౌస్ నుంచి విల్లుపురానికి ఫోన్ చేశాను. ఎదురుగా నోటుపుస్తకం పెట్టుకున్నాను.

"అత్తా, ముంగిట్లో నువ్వు ఏమేం పనులు చేస్తావో కొంచెం చెప్పు."

"నేనేం చేస్తానమ్మా? ఏమీ లేదు. ఊరికే ఉండేదే కదా."

"పొద్దున లేచినాక ఏం చేస్తావు?"

"లేచి మోటారు వేస్తా. అది నిండేలోపల వాకిలి ఊడ్చి, నీళ్ళు చల్లి, కోలం వేస్తా. మోటారు ఆపి బాన కడిగి నీళ్ళు పోస్తా. అంతే."

"జాలీలు?"

"అవునుమా, అది కూడా. రెండు దినాలకొకసారి. దానికి ఒక పాత దువ్వెన పెట్టుకోనుండా."

ఇలా ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. మసిగుడ్డలు ఉడకబెట్టడం, చెత్తబుట్ట గేటు బయట పెట్టి బండి వెళ్ళాక కడిగి లోపల పెట్టడం, మెట్ల కింద పాచి గీకడం, ఉప్పుగాలికి తుప్పు పట్టే గేటు గొళ్ళేనికి నూనె రాయడం, ఆదివారం మేము తిని లేచాక పెద్ద గిన్నెలు తోమడం. ప్రతిదాని చివరా అత్త "అంతే" అంటూనే ఉంది. ఫోన్ పెట్టేసి లెక్కపెట్టుకుంటే ఇరవై మూడు పనులు తేలాయి. అరవై దాటిన మనిషి అవన్నీ చేసుకుని, ఆ తర్వాత తన ఇంటి పని చేసుకునేది.

నా చేతి కింద పనిచేసే ఆడవాళ్ళలో ఎవరికైనా ఒక్క గది ఎక్కువ పడితే మరునాడు తగ్గించి వేసేదాన్ని నేను. ఆ న్యాయం మా అత్తకు ఎందుకు చేయలేదని ఆలోచిస్తే చాలా సిగ్గేసింది. ఆ సాయంత్రం సైకిలు తొక్కుకుంటూ ఇంటికి వెళ్తూ ఒక నిర్ణయానికి వచ్చాను. అత్త తిరిగొచ్చేలోపు దీన్ని మార్చాలి.

ఆ ఆదివారం భోజనాలయ్యాక అందరినీ లేవొద్దని చెప్పి జాబితా చదివాను.

ముందుగా తేరుకున్నది మా ఆయనే. "నేను ట్యాంకు కడుగుతా ఉండా కదా" అన్నాడు.

"ఏడాదికి రెండు తూర్లు" అన్నాను. అందరూ నవ్వారు, ఆయన కూడా.

మామ నవ్వలేదు. "ఆమెకు అది అలవాటు. చేయొద్దంటే ఆమెకే తోచదు. దీనికి కాగితం ఏంది, కూటం ఏంది?"

అక్క మెల్లగా అంది. "అలవాటు కాదు మామా. ఆమెను ఎవురూ అడగలే. అడగకుండా ఉంటే ఎవురు చేస్తా ఉంటే వాళ్ళ తలమీదే పడతాది. మా వార్డులో కూడా ఇట్లానే."

మామ తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచారు. వద్దని మాత్రం అనలేదు. అది చాలనుకున్నాను.

వంతులు ఎలా వేయాలన్నదాని మీద రెండు వారాలు మాట్లాడుకున్నాం. మొదట అందరూ ఇంటికొక వంతు అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఇంటికని రాస్తే ప్రతి ఇంట్లోనూ ఆ పని మళ్ళీ ఆడమనిషే చేస్తుంది. మనిషికని రాయాలి, పద్దెనిమిదేళ్ళు దాటినవాళ్ళందరికీ, మగవాళ్ళకు కూడా. అలా పదహారు మంది తేలారు. ఒక్కో పనికి ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు కాబట్టి బరువైనవీ తేలికైనవీ జతచేసి, ఎవరి వారం వచ్చినా ఇంచుమించు ఒకే శ్రమ పడేలా వేశాను. అక్కకు షిఫ్టులు ఉన్నాయని ఆమెకు తక్కువ రాస్తే ఆమె ఊరుకోలేదు. "తక్కువ వద్దు. షిఫ్టు ఉండే వారం ఇంకొకరితో మార్చుకుంటా" అంది. అందరికీ ఆ పద్ధతే పెట్టాం. మార్చుకోవచ్చు, ఎగ్గొట్టకూడదు.

చార్టు అట్ట మీద తమిళ అక్షరాల్లో రాశాను. భాష మాత్రం మా తెలుగే. అప్పటికి నాకు తెలుగు అక్షరాలు రావు, మా నాలుగిళ్ళలో మామకు తప్ప ఎవరికీ రావు. వంతుకు మురై అనే రాశాను, మేం మాట్లాడేది అలాగే కాబట్టి. గోడకు తగిలించగానే అక్క దగ్గరికొచ్చి వేలితో ఒక్కొక్క గడి చూసింది.

"ఏమ్మా, చార్టు రాసేది కూడా నీ పనిలో చేర్చుకోనుండావే?"

నిజమే. నెలకు అరగంట పట్టే ఆ రాతను బరువైన పనిగా వేసుకుని, నా వారంలోంచి మెట్ల పాచి తప్పించుకున్నాను. కావాలని చేసినట్టు కూడా నాకు గుర్తులేదు. చేయి దానంతటదే అలా రాసేసింది. అందరి ఎదుటా దాన్ని కొట్టేసి మెట్లు రాసుకున్నాను. ఆ రోజు చెవులు వేడెక్కాయి గానీ, ఆ తర్వాత నా చార్టును ఎవరూ అనుమానించలేదు.

అన్నింటికన్నా కష్టమైన పని ఇంకొకటి ఉంది. వంటగది, స్నానాల నీళ్ళు పోయే కాలువ గేటు పక్కన ఒక తొట్టిలోకి దిగి, అక్కడినుంచి వీధి కాలువలో కలుస్తుంది. మరుగుదొడ్ల గొట్టం వేరు, దానికి లారీ వస్తుంది. ఈ తొట్టిలో మాత్రం ఇసుక, మెతుకులు, జిడ్డు, వెంట్రుకలు పేరుకుంటాయి. పదిహేను రోజులకొకసారి మూత ఎత్తి, పొడుగాటి ఇనుప కొక్కెంతో కదిపి, చేదతో మడ్డి తోడి పారేయాలి. దాన్ని మేం సాక్కడ అనేవాళ్ళం. మొదట్లో ఒకాయన వచ్చి చేసి వెళ్ళేవాడు. ఆయన కొడుకు మిల్లులో చేరాక ఇక ఈ పని చేయనని చెప్పి మానేశాడు. వేరేవాళ్ళను వెతుకుదామని మామ అన్నారు. దీన్ని కూడా చార్టులో వేద్దామని నేనన్నాను.

"మన ఇండ్లల్లో వాళ్ళు సాక్కడలో చెయ్యి పెట్టేదా?" మామ గొంతు పెరిగింది.

"పొలంలో కాలవ తీయలేదా మామా నువ్వు?"

"పొలం కాలవ వేరు, ఇది వేరు. దీనికి ఉండేవాళ్ళు ఉండారు."

"ఉండినారు మామా. ఇప్పుడు రామన్నారు. మనం పారబోసిన ఎంగిలి మనం తీసేదానికి ఏముండాది?"

అక్క కూడా నా పక్క నిలబడింది. "నేను దినమూ తెలియనోళ్ళవి తుడస్తా ఉండా. ఇది మన ఇంటిదే కదా" అంది.

మొదటి వంతు నేనే తీసుకున్నాను. చేతులకు గ్లవ్స్ వేసుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని మూత ఎత్తాను. వాసన గుడ్డలోంచి కూడా వచ్చింది. సగంలో ఆపి గోడ పట్టుకుని నిలబడ్డాను. మళ్ళీ మొదలుపెట్టాను. నలభై నిమిషాల్లో నీళ్ళు గలగలమని పోయాయి. ఆ చప్పుడు విని నేను నిటారుగా నిలబడ్డ తీరు ఇప్పటికీ గుర్తుంది. పన్నెండేళ్ళు వేరేవాళ్ళ చేత గదులు శుభ్రం చేయించినదాన్ని, నా చేత్తో ఇంత మురికి తీసింది అదే మొదటిసారి. రెండో వంతు మా ఆయనది. మూడోది అక్క చేసింది. ఏడో వంతు మామది.

ఆయన చేయలేదు. తన పేరు ఉన్న గడి అలాగే ఖాళీగా ఉండిపోయింది. రెండు రోజులు చూశాను. మూడో రోజు ఉదయం నేను పాలు తేవడానికి వెళ్తుంటే గేటు దగ్గర అత్త. విల్లుపురం నుంచి వచ్చి అప్పటికి నాలుగు నెలలైంది. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, మూత ఎత్తడానికి వంగి ఉంది.

"అత్తా, ఏంది ఇది? ఇది నీ మురై కాదు."

"ఆయన చేయడమ్మా. నలుగురూ ఏమన్నా అంటారు. నేను చేసి టిక్కు పెట్టేస్తా, ఎవురికీ చెప్పొద్దు."

ఆమె చేతిలోంచి కొక్కెం తీసుకున్నాను. "నువ్వు చేస్తే ఈ చార్టు చించేస్తా" అన్నాను. అత్త చేతులు దులుపుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఇక తప్పదని తెలిసింది. నన్ను సైకిలు మీద కూర్చోబెట్టి వెనక సీటు పట్టుకుని పరుగెత్తిన మనిషికి ఎదురుగా వెళ్ళి నీ వంతు మిగిలిపోయింది అని చెప్పాలి. ఆ సాయంత్రం ఆయన అరుగు మీద పేపరు చదువుతుండగా వెళ్ళాను.

"మామా, సాక్కడ మురై నీది. అత్త చేసేదానికి వచ్చింది. నేను వద్దంటిని."

ఆయన పేపరు దించలేదు. "ఇది చెప్పేదానికి వస్తివా?"

"అవును మామా. కుదరకపోతే ఎవురితోనన్నా మార్చుకో. అత్తతో మాత్రం వద్దు."

"పో అమ్మా" అన్నారు. అంతే.

పది రోజులు ఆయన నాతో మాట్లాడలేదు. ఎదురైతే పక్కకు తిరిగేవారు. ఆదివారం భోజనానికి వచ్చి తల వంచుకుని తిని వెళ్ళిపోయేవారు. మా ఆయన కూడా, "పెద్దాయన కదా, వదిలేయరాదా" అన్నాడు. వదిలేయాలని నాకూ అనిపించింది. కానీ ఒక్కరికి వదిలితే మరో నెలకు ఇంకొకరు, ఆ తర్వాత అందరం వదిలేసి, మళ్ళీ ఆ ఇరవై మూడూ అత్త మీదికే వస్తాయి. వదల్లేదు. ఎవరినీ ఆ వంతు చేయనివ్వలేదు. తొట్టి నిండి నీళ్ళు మెల్లగా పోతున్నా ఊరుకున్నాను.

పదకొండో రోజు ఉదయం పనికి వెళ్దామని సైకిలు బయటికి తీస్తున్నాను. వెనకనుంచి మామ గొంతు.

"ఏమ్మా, ఆ కొక్కెం యాడ పెట్టినారు?"

తిరిగి చూశాను. పొలానికి వెళ్ళే రోజుల్లో కట్టుకున్నట్టే పంచె మోకాళ్ళ పైకి కట్టి, తలకు తువ్వాలు చుట్టుకుని నిలబడ్డారు. మెట్ల కింద ఉన్న కొక్కెం, చేద, గ్లవ్స్ తెచ్చి ఇచ్చాను. గ్లవ్స్ వద్దన్నారు. వేసుకోవాల్సిందేనన్నాను. ఒక వేలు ఇంకో వేలి సందులో దూరి ఇబ్బంది పడుతుంటే నేనే సరిచేసి తొడిగాను.

"సరి, నువ్వు పో. ఆడ నిలబడి చూడొద్దు."

వెళ్ళాను. కానీ వీధి మలుపు దాకా వెళ్ళి ఆగి, సైకిలు గోడకు ఆనించి నిలబడ్డాను. లోపల కొక్కెం సిమెంటుకు తగిలే చప్పుడు, ఆయన దగ్గు, చేద పెట్టిన చప్పుడు వినిపించాయి. ఆ రోజు గెస్ట్‌హౌస్‌కు ఆలస్యంగా వెళ్ళాను. పన్నెండేళ్ళలో అదే మొదటి ఆలస్యం, దానికి నేనేమీ బాధపడలేదు.

సాయంత్రం వచ్చి చూస్తే తొట్టి మూత తలకిందులుగా పెట్టి ఉంది. నేను దాన్ని తిప్పలేదు. చార్టు దగ్గర మామ గడిలో టిక్కు కాదు, తెలుగులో ఆయన సంతకం ఉంది.

ఆ తర్వాత మామ ఆ పనికి మా అందరికంటే గట్టి కాపలాదారు అయ్యారు. ఎవరి వంతు అయ్యాక అయినా మూత ఎత్తి చూసి, "అడుగున ఇసుక అట్లే ఉండాది, ఇదేనా తోడేది?" అని తిరిగి చేయించేవారు. పొలం కాలువకు వాలు చూసినట్టే మా కాలువ వాలు చూసి, ఒకచోట సిమెంటు లేపి మళ్ళీ వేయించారు. ఆ ఏడాది ఐప్పసి వానలు, అంటే దీపావళి రోజుల వానలు, నాలుగు రోజులు ఆగకుండా కురిశాయి. మా వీధిలో నీళ్ళు నిలబడని ముంగిలి మాదొక్కటే. పక్కింటివాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు. వచ్చినవాళ్ళకల్లా చార్టు చూపించింది మామే.

అందరూ ఒక్కసారిగా మారిపోలేదు. మా ఆయన మసిగుడ్డలు మర్చిపోయేవాడు. ఐదో ఇంటి అబ్బాయి కాలేజీ పరీక్షల పేరుతో మూడు వారాలు మార్చుకుని, తర్వాత వరసగా మూడు వారాలు మెట్లు గీకాడు. ఆదివారం వంట మగవాళ్ళ వంతు వచ్చిన మొదటిసారి సాంబారులో ఉప్పు ఇద్దరు వేశారు. అయినా ఆ చార్టు నిలిచింది. గుర్తుంచుకోదగ్గవి నా జీవితంలో కొన్ని ఉన్నాయి గానీ, నా చేత్తో చేసినవాటిలో దీనికంటే గర్వపడేది లేదు.

అత్తకు మొదట్లో ఏం చేయాలో తోచలేదు, మామ అన్నట్టే. పొద్దున లేచి మోటారు దగ్గరికి వెళ్ళి, వేరేవాళ్ళు వేసి ఉండటం చూసి వెనక్కి వచ్చేది. కొన్నాళ్ళకు కాఫీ తాగి సముద్రం ఒడ్డున నడవడం మొదలుపెట్టింది. మొదట వీధి చివరి దాకా, తర్వాత ఇంకొంచెం.

ఒకరోజు తొమ్మిది గంటలకు నేను గెస్ట్‌హౌస్‌లో దుప్పట్లు లెక్కపెడుతుంటే గేటు దగ్గర అత్త కనిపించింది. కురుచికుప్పం నుంచి ఒడ్డు వెంబడే ఒక్కతే నడుచుకుంటూ వచ్చేసింది. చెమట పట్టిన ముఖం, చేతిలో చెప్పులు.

"ఏందత్తా, ఇంత దూరం?"

"నువ్వు పని చేసే చోటు చూడాలనిపించింది. చూడొచ్చా?"

లోపలికి తీసుకెళ్ళి గదులన్నీ చూపించాను. నాలుగో గదిలో ఆమె వంగి మంచం కింద చేయి పెట్టి వేలు చూసుకుంది. దుమ్ము లేదు. తలూపింది. మా ఆడవాళ్ళు ఆమెను వరండాలో పేము కుర్చీలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. ఇంట్లో పనులు ఎవరు చూస్తున్నారు, మీరిలా తిరుగుతుంటే, అని ఒకామె తమిళంలో నవ్వుతూ అడిగింది.

అత్త కాఫీ ఒక గుక్క తాగి, కాళ్ళు చాపుకుని కూర్చుంది. "ఈ వారం నా మురై లేదు. మా వీట్టుక్కారర్ చేస్తా ఉండాడు" అంది, ఇంటాయన అనడానికి తమిళ మాటే వాడుతూ, సగం తమిళం, సగం తెలుగు. ఆ ఐదుగురూ పని వదిలేసి ఆమె చుట్టూ చేరారు. ఎలా, ఎవరు మొదలుపెట్టారు, మగవాళ్ళు ఎలా ఒప్పుకున్నారు అని అడగసాగారు. అత్త ఒక్కొక్కదానికీ తీరిగ్గా జవాబు చెప్పింది. నేను దుప్పట్ల లెక్క మర్చిపోయి, మళ్ళీ మొదటినుంచీ లెక్కపెట్టుకున్నాను.